ఇచ్చేకి

తొంభై ఆరులో ఈ ఊళ్లో నేను అద్దెకు దిగిన ఇంటి
కప్పుకు ఫ్యాను కొక్కేలు లేవు.
గాలి కూడా కొనుక్కోవాలని
కట్టినాయనకు తోచలేదు పాపం.
ఇప్పుడు హొరమావులో, మూడో అంతస్తులో,
నా పడగ్గది చల్లబడ్డానికి
ఎదురింటి కిటికీలోకి వేడి ఊదుతాను.
వాళ్లూ ఊరుకోరు, నా మీదికి ఊదుతారు.
ఇచ్చిపుచ్చుకోడమంటే ఇదే, మా వీధిలో.

మార్చి రెండో వారంలో బోరు దగ్గింది.
పదకొండు వందల యాభై అడుగుల కిందినుంచి
ముందు బురద, తర్వాత గాలి,
ఆ తర్వాత మోటారు కాలిన వాసన.
ట్యాంకరు ధర పొద్దునొకటి, సాయంత్రమొకటి.
డ్రైవరు ఫోనెత్తిన రోజు మా గ్రూపులో పండగ.

పార్కింగులో మీటింగు. పదహారు ఫ్లాట్లు, పదకొండు కుర్చీలు.
ఇంకో బోరు, పదిహేను వందల అడుగులకి, అన్నారు కురియకోస్ గారు.
ధ్రువాల దగ్గర మంచు కరిగిపోతుంటే
మన గేటు పక్క గొయ్యి ఏం చేస్తుందన్నాడు సౌరభ్.
గిరిజాంబ టీచరు ఒక్కరే లేచి
"వాన పడేది మన డాబా మీద,
దాన్ని రోడ్డు మీదికి తోసేది మన పైపు.
ఇందులో మనది కానిదేముంది?" అన్నారు.
నేను చెయ్యెత్తాను. సగమే.
ఓటో, జుట్టు సర్దుకోడమో ఎవరికీ తెలియనంత.
తొమ్మిది మంది సరే, ఆరుగురు వద్దు,
ఒకరు ఫోన్లో ఉన్నారు.

గంగులప్ప మోపెడ్ మీద వచ్చాడు,
గునపం, మోకు, ఇద్దరు బావమరుదులు.
నాతో కన్నడంలోనే మాట్లాడాడు రెండ్రోజులు.
మూడోనాడు గోతిలోంచి పైకి అరిచాడు:
"నిదానం రా, తట్ట తగుల్తాది!"
ఇన్నేళ్లూ లిఫ్టులో నోరు మూసుకున్న నా భాష
నేలలోంచి వినిపించింది.

మీదే ఊరని అడిగాను.
"ఇదేనమ్మా. ఆరు తరాలు.
మాట తెలుగు, ఊరు బెంగళూరు.
ఈ పక్క బాయిలన్నీ మా తాతోళ్లు తవ్వినవే."
కాసేపాగి, గునపం కొన తుడుస్తూ,
"పూడ్చింది మేమే. కూలి కూలే కదా."

తొమ్మిది అడుగుల లోతున పాల ప్యాకెట్టు దొరికింది,
తేదీ కూడా చెరగలేదు.
ఆ కింద ఎర్రమట్టి. ఆ కింద మొరం,
ఎవరూ అడుగుపెట్టని చల్లదనం.
నీళ్లెక్కడ పడతాయని పైనుంచి తొంగిచూశాను.
"పడేకి కాదు, ఇచ్చేకి.
మా తాత బాయి ఊరికి తాపె.
నా బాయి భూమికి తాపాల."

మే నెల మొదటి ఉరుముకి
డాబా ఊడవడానికి పైకెళితే
నాకంటే ముందే సౌరభ్, నిక్కరులో, చీపురుతో.
మంచు సంగతి నేనెత్తలేదు, అతనూ ఎత్తలేదు.
వేపాకులు, పావురాల రెట్ట, ఎవరిదో ఒంటి సాక్సు:
అన్నీ తీశాం.
వాన వచ్చింది. పైపు దిగింది. వడపోత గులకరాళ్లు దాటింది.
గేటు పక్క, చీకట్లో,
ఏదో పెద్దగా గుటకేసిన చప్పుడు.

తెల్లారి చూస్తే బావి ఖాళీ.
డబ్బు వృథా అని కురియకోస్ గారు ఇంగ్లిషులో విసుక్కున్నారు.
నేను తెలుగులోకి తిప్పుకున్నాను: నేలపాలు.
మిగిలిన పైకానికి వచ్చిన గంగులప్పకి చెప్తే
పకపకా నవ్వాడు.
"అవు మల్ల, నేల పాలే. దానిది దానికి."

బోరు ఇంకా దగ్గుతూనే ఉంది.
ట్యాంకరు వస్తూనే ఉంది.
ఏసీ నేనింకా పీకలేదు,
ఇరవై ఆరులో పెట్టి రాత్రి రెండింటికి ఆపుతున్నాను.
గొప్పలు కావివి, లెక్క చెప్తున్నాను.

వెనక వీధి బిల్డింగు గేటు దగ్గర
ఎవరో సున్నంతో గుండ్రంగా గీశారు, మూడడుగుల వెడల్పు.
ఆదివారం వాళ్ల మీటింగట.
నన్నెవరూ పిలవలేదు.
కుర్చీ ఒకటి మోసుకుని బయల్దేరాను.